కిటికీలోంచి జనం

లాలాగూడలో మా ఇంటి గోడకు చాలాకాలం ఒక బొమ్మ ఉండేది, పాత క్యాలెండరులోంచి కత్తిరించి అంటించినది. కమీల్ పిస్సారో 1897లో వేసిన బూల్వార్ మోమార్త్ వీధి, శీతకాలపు ఉదయం. అసలు చిత్రం న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆకురాలిన చెట్లు, బూడిదరంగు ఆకాశం, బారులు తీరిన గుర్రపు బండ్లు, కాలిబాటల మీద కిక్కిరిసిన జనం. దగ్గరికెళ్లి చూస్తే జనం లేరు, నల్లని కుంచె గీతలున్నాయి. ఒక్కడికీ ముఖం లేదు.

కాలేజీ రోజుల్లో ఆ ముఖం లేకపోవడం మీదనే నా కోపం. పై అంతస్తు కిటికీలోంచి మనుషులను చీమల్లా చూసే దృష్టి ఏ వర్గానిదో వేరే చెప్పాలా అని మిత్రులతో వాదించాను. వ్యాసం కూడా రాశాను. అదృష్టవశాత్తూ దాన్నెవరూ అచ్చు వేయలేదు.

పిస్సారోకు కళ్లజబ్బు ఉండేదని తర్వాత తెలిసింది. ఆరుబయట కూర్చుని వేయడం కష్టమై, హోటల్ ద రుస్సీలో గది తీసుకుని, అదే వీధిని ఎండలో, మంచులో, రాత్రి దీపాల వెలుగులో 14 మార్లు చిత్రించాడు. అభిప్రాయాల్లో అరాచకవాది. 1889-90 నాటికే తన మేనకోడళ్ల కోసం 28 బొమ్మల ఆల్బం ఒకటి గీశాడు. ఆకలి, ఆత్మహత్యలు, డబ్బు పెత్తనం అందులో ఉన్నాయి. ఇంటివాళ్ల కోసం గీసినప్పుడు దొరికిన ముఖాలు, అమ్మకానికి వేసిన వీధిలో ఎటు పోయాయి? అభిప్రాయాలు మంచివైతే చిత్రమూ మంచిదైపోతుందని తేల్చేయడం మన విమర్శలో పాత అలవాటే గాని, ఆ దారిన పోవడం నాకిష్టం లేదు.

మా నాయిన ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవాళ్లు 1893లో పెట్టిన వర్క్‌షాపు అది. నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చిన ఏడు మేం మేడమీద వాటాలోకి మారాం. పుష్యమాసం. పొద్దున సైరన్ కూసేవేళకు కింద రోడ్డు నిండా సైకిళ్లు, మఫ్లర్లు, టిఫిను డబ్బాలు, పొయ్యిల పొగతో కలిసిన మంచు. నేను టీ గ్లాసు పట్టుకుని కిటికీలో నిలబడ్డాను. అప్పుడే మెట్లు దిగి వెళ్లిన నాయిన ఆ సైకిళ్లలో ఎక్కడున్నాడో పోల్చుకోలేకపోయాను. నేను వ్యాసంలో తిట్టిన కిటికీ అదే.

ఆ సాయంత్రం ఆయన్ను బొమ్మ దగ్గరికి తీసుకెళ్లి, నీకేం కనిపిస్తుందని అడిగాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక గీత మీద వేలు పెట్టి, “వీనికి టైం దాటింది. చూడు, ఎట్ల ఒంగి ఉరుకుతుండో” అన్నాడు. ఇంకో గీత చూపి, “ఈమె చేతిల బరువున్నది.” నేనక్కడ అంతవరకూ మనిషినే చూడలేదు.

“ముఖాలు లేవు గదా నాయినా?”

“చలిల మొఖమెవడెత్తుతడురా?”

ఆ మాటతో నా పాత వ్యాసం పోయింది గాని, ఫిర్యాదు పూర్తిగా పోలేదు. ఆ బండ్లలో లోపల కూర్చున్నవాడి చలీ, పైన కళ్లేలు పట్టుకున్నవాడి చలీ ఒకటి కాదు. పిస్సారో ఇద్దరికీ ఒకే బూడిదరంగు పూశాడు. ఈ సంగతి కూడా అడుగుదామనుకున్నాను. నాయిన అప్పటికే అద్దాలు తీసేసి, మర్నాటికని సైకిలు చెయినుకు నూనె పెట్టడానికి కిందికి దిగిపోయాడు.