మనుమని రొట్టె

గత వేసవిలో మా అల్లుడు మనుమని వెంటబెట్టుకొని అమెరికానుండి చీరాల వచ్చెను. మా అమ్మాయి పోయిన పిదప వారిరువురును వచ్చుట అదే మొదటిసారి. పిల్లవానికి తొమ్మిదేండ్లు. మూడుదినములు పెరుగన్నము తప్ప వేరొండు ముట్టలేదు. ముద్దపప్పు వద్దు, వాడరేవు చేపల పులుసు వద్దు. 1921లో పురపాలకసంఘపు పన్ను చెల్లింపమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటమీద ఊరినే విడిచి, రామనగరమున పాకలలో పదకొండు నెలలు కాపురముండిన వారి సంతతి గదా, మొండితనము పుట్టుకతో వచ్చినదే యనుకొంటిని.

నాలుగవనాటి సాయంకాలము వానిని దగ్గరకు దీసి, "నాయనా, మీ అమ్మ నీకేమి వండి పెట్టెడిది?" అని యడిగితిని.

"శుక్రవారము రాత్రి వేడి రొట్టె, అమ్మమ్మా! నడుమ ఖీమా, దానిమీద కరగిన చీజు." ఏమి ఖీమా యని యడిగితిని. వాడు దాపరికము లేక "బీఫు" అనెను. అల్లుడు తల వంచుకొనెను.

నాకు నోట మాట రాలేదు. మాది మాంసము తినని యిల్లు కాదు. వేటమాంసము లేనిదే మాకు ఆదివారము గడవదు. కాని యది వేరు, ఇది వేరు. మన రాష్ట్రమున గోవధను 1977 నాటి చట్టము నిషేధించినది. చట్టము మాట యటుంచినను మా వంటింటి గడప అది యెన్నడును దాటలేదు. ఆ దేశమున నది ప్రతి యంగటను దొరకునట. పనినుండి అలసి వచ్చిన తల్లులు అరగంటలో వండి పెట్టుదురట. ఏండ్ల తరబడి వారము వారము నాతో మాటలాడిన బిడ్డ ఈ సంగతి యొక్కటి దాచినది. నేనేమందునో యని వెరచియుండును. ఏమియు ననకుందునని నేనును చెప్పజాలను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపము కొంత, నా బిడ్డ చేతివంటలో నే నెరుగనిది యొకటి యున్నదే యను బాధ అంతకంటె నెక్కువ.

తెల్లవారగనే అరకిలో వేటమాంసము ఖీమా కొట్టించి తెప్పించితిని. చీజనగా జున్నని యెచ్చటనో చదివియుంటిని గనుక, పాలు పోయు నామెతో జున్ను కావలెనంటిని. ఆమె సంతోషించి, క్రొత్తగా ఈనిన గేదె జున్నుపాలు చెంబెడు తెచ్చి పోసెను! పిల్లవాడు సంగతి తెలిసి పకపక నవ్వెను. వచ్చిన తరువాత వాడు నవ్వుట అదే మొదలు. మా యూరికి క్షీరపురి యని ప్రాతపేరు చెప్పుదురు గాని, ఈ పాలవస్తువును మా పెద్ద లెరుగరు. పన్నీరు పెట్టి చూతమా యన్న, నిమ్మరసముతో విరిచినది పెనముమీద వేగునే కాని కరగదు. కడకు అల్లుడే అంగడికి బోయి చీజు బిళ్లలు తెచ్చెను.

వంట కష్టమైనది కాదు. తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిరప, వెల్లుల్లి వేయించి, ఖీమా వేసి, నీరు పూర్తిగ నిగురువరకు కలియబెట్టవలెను. నీరు మిగిలినచో రొట్టె నాని ముద్దయగును. మాంసము పైనుండు మలినము కొట్టునప్పుడు లోపలికంతటను చేరును గనుక, రంగు మారినంతనే దింపరాదు. 71 డిగ్రీల వేడి తగులవలెనని యచ్చటివారి నియమము. అల్లము వేయబోగా, పీట యెక్కి నిలిచియున్న మనుమడు నా చేయి పట్టుకొని, "అమ్మ వేయదు" అనెను. మానితిని. చీజు ఖీమాకు క్రిందను మీదను పెట్టవలెననియు, వెన్న రొట్టెకు వెలుపలివైపున రాయవలెననియు వాడే చెప్పెను. క్రింది బిళ్ల కరగి ఖీమాను రొట్టెకు అంటించును, పొడి రాలిపోదు. సెగ తగ్గించి మూత పెట్టితిని. తొందరపడి మంట పెంచగా మొదటి రొట్టె మాడినది. దానిని నేనే తింటిని.

రెండవది వానికి పెట్టితిని. నిదానముగ, కడవరకు తినెను.

"అమ్మ చేసినట్లు లేదు" అనెను. అల్లుడు వారింపబోయెను.

"ఉల్లిపాయ తక్కువ, అమ్మమ్మా. అమ్మ చాల వేసెడిది" అని పళ్లెమును మరల నా ముందునకు జరిపెను.

నేను కత్తిపీట దగ్గరకు లాగికొని, మరి నాలుగుల్లిపాయలు తరుగుటకు గూర్చుంటిని.