ప్రథనం: విశాలమగుట, విశాలము చేయుట

విస్తరించుట అనే అర్థంలో వేదం వాడిన ధాతువులలో 'ప్రథ్' ఒకటి. పృథువు, పృథివి, ప్రథిమ, ప్రథితము మొదలైన పదాలు దీని సంతానమే. పాణినీయ ధాతుపాఠంలో ఇది భ్వాదిగణంలో ఆత్మనేపదిగా పఠింపబడినది. అక్కడ చెప్పిన అర్థం 'ప్రఖ్యానం', అనగా ప్రసిద్ధి పొందుట. వేదంలో మాత్రం విశాలమగుటయే ప్రధానార్థం. నేల పరచుకొన్నట్లు పేరు పరచుకొనుటయే ప్రసిద్ధి గనుక ఈ రెండర్థాలకూ నడుమ దూరం స్వల్పం. సాధకుడు జారిపడే చోటు ఆ స్వల్పదూరంలోనే ఉన్నది.

ప్రజాపతి వరాహరూపంతో జలాలలో మునిగి, అడుగున ఉన్న మట్టిని పైకి తెచ్చి, తామరాకుపై పరచాడని తైత్తిరీయ బ్రాహ్మణం చెబుతున్నది. పరచబడినది గనుక పృథివి. ఈ వ్యుత్పత్తిపై ఒక ఆక్షేపాన్ని యాస్కుడు నిరుక్తంలో ఎత్తి చూపాడు: ఈమెను పరచినవాడెవడు? ఏ ఆధారంపై నిలిచి పరచాడు? ఎవరూ పరచకపోయినా చూపునకు ఈమె విశాలయే కదా అని ఆయనే సమాధానం చెప్పాడు.

గోదావరీతీరవాసికి ఈ ప్రథనం ప్రత్యక్షం. పాపికొండల ఇరుకును దాటిన నది రాజమహేంద్రవరం వద్ద దాదాపు 3 కిలోమీటర్ల వెడల్పున ప్రవహిస్తుంది. ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వరదనీటిలో మోసుకొచ్చిన ఒండ్రుమట్టిని తరతరాలుగా పరచినది ఆ నదియే. ఆ మట్టియే నేటి కోనసీమ. నది పాయలై సన్నబడినది, నేల విశాలమైనది.

దర్శపూర్ణమాసేష్టిలోనూ ఈ ధాతువు వినిపిస్తుంది. అధ్వర్యువు పిండిని వేడినీటితో కలిపి ముద్దచేసి, నిప్పులమీద కూర్చిన కపాలాలపై ఉంచి పరుస్తాడు. అగ్నిదేవతాకమైన పురోడాశానికి కపాలాలు 8. అప్పుడు పఠించే యజుర్మంత్రం ముందు పురోడాశాన్ని విశాలం కమ్మంటుంది, వెంటనే యజ్ఞపతి విశాలుడు కావాలని కోరుతుంది. దీనిచేత అధ్వర్యువు యజమానుని ప్రజతో, పశువులతో విశాలుని చేస్తున్నాడని బ్రాహ్మణం వివరించింది. అక్కడి క్రియ 'ప్రథతే' కాదు, 'ప్రథయతి'. తాను విశాలమగుట మొదటిది, మరొకరిని విశాలము చేయుట రెండవది. పరచే చేయి అధ్వర్యువుది, వైశాల్యం యజమానునిది.

కోనసీమలోని ఒక అగ్రహారంలో ఒక విద్యార్థి ఈ ప్రయోగాన్ని అభ్యసిస్తూ పిండిని మితిమీరి పరచాడు. అంచులు కపాలాలు దాటి నిప్పులపై పడి మాడాయి. గురువుగారు కోపగించలేదు. "విశాలం కమ్మన్నాం గాని, కపాలాలు దాటమనలేదురా" అన్నారు. పురోడాశాన్ని అతిగా వెడల్పు చేస్తే అది మానుషమవుతుందని శతపథ బ్రాహ్మణం హెచ్చరించిన సంగతి కూడా చెప్పారు.

ఆ విద్యార్థి పెద్దవాడై ఆలయార్చకుడయ్యాడు. సభలలో పేరు వచ్చింది, ఆహ్వానాలు పెరిగాయి. తన వద్ద వేదం నేర్చుకొంటున్న ఇద్దరు బాలుర సంథ మాత్రం వారాల తరబడి నిలిచిపోయింది. ఒకసారి సన్మానం పొంది శాలువాతో ఇంటికి వచ్చేసరికి అరుగుమీద ఒక్క బాలుడే ఉన్నాడు. రెండవవాని తండ్రి వచ్చి వాణ్ణి తీసుకొనిపోయాడు.

ఆ రాత్రి ఆయనకు మాడిన అంచుల వాసన జ్ఞాపకం వచ్చింది. ఇన్నేళ్లూ తాను పరచినది తన పేరునే. నది పనిగాని, అధ్వర్యువు పనిగాని తాను చేయలేదు. వెళ్లినవాడు తిరిగి రాలేదు. మరునాటి ఉదయం, ఆగిపోయిన అనువాకం నుండి, మిగిలిన బాలునికి సంథ మొదలైనది.

స్వస్తి.