రామప్ప చెరువు కట్టపై

సంక్రాంతి పండుగ ముగిసిన మరునాటి ప్రాతఃకాలమున ఇరువురు మిత్రులు మోటారు సైకిలుపై హనుమకొండ నుండి పాలంపేటకు ప్రయాణమైరి. వారు బాల్యమున ఒకే బడిలో చదివినవారు. ఒకడు చరిత్రోపాధ్యాయుడయ్యెను. రెండవవాడు స్వగ్రామమున సేద్యము చేయుచుండెను. ఆ ఏడు రైతు మనసు విరిగియుండెను. అతని పొలమునకు నీరిచ్చు ఊరి చెరువు పూడిక పేరుకొని మెరకయైనది, తూము శిథిలమైనది. పొలము అమ్మి పట్టణమునకు పోవలెనని అతడు నిశ్చయించెను. బేరము కుదిరినది, పత్రములు వ్రాయుటయే మిగిలియుండెను. మిత్రునకు కొంత ఊరట కలుగునని ఉపాధ్యాయుడు ఈ ప్రయాణమును తలపెట్టెను.

బయలుదేరుటకు ముందు వారు వేయిస్తంభముల గుడిని దర్శించిరి. అది కాకతీయ రుద్రదేవుడు 1163వ సంవత్సరమున శివునకు, విష్ణువునకు, సూర్యునకు కట్టించిన త్రికూటాలయము. ఉపాధ్యాయుడు స్తంభముల నగిషీని వివరించుచుండగా రైతు, “రాళ్లు బాగున్నవి. కాని రాళ్లు అన్నము పెట్టునా?” అనెను. ఉపాధ్యాయుడు బదులు పలుకలేదు.

ములుగు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు సాగి వారు పాలంపేట చేరిరి. గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నెలకొల్పిన రామప్ప గుడి అచ్చట కలదు. పునాది గుంతను ఇసుకతో నింపి, దానిపై ఆలయమును నిలిపిరి. శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. నల్లరాతి మదనికల అందము చెప్పనలవి కాదు. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. రైతు అన్నియు వినెను. కాని అతని చూపు చేల వైపే పోవుచుండెను.

అచ్చటి నుండి వారు రామప్ప చెరువునకు పోయిరి. కట్టపై అడుగిడగానే రైతు నడక మారినది. గుట్టలను కలుపుచు కట్టను ఎట్లు వేసిరో, నీరు తూము గుండ కాలువలోనికి ఎట్లు దిగునో అతడే మిత్రునకు చూపసాగెను. కట్ట క్రింద స్త్రీలు వరినాట్లు వేయుచుండిరి.

“ఈ కట్ట ఎవరిది?” అని రైతు అడిగెను.

“కాకతీయులదే. గుడి వెలసిన కాలపుదే.”

మధ్యాహ్నమయ్యెను. నాట్ల కడ కూర్చున్న ఒక అవ్వ వారిని పిలిచి, కొత్తబియ్యపు అన్నము, పచ్చిపులుసు, పండుగకు చేసిన సకినాలు పెట్టెను. బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, చేతితో చుట్లు చుట్టి, నూనెలో కాల్చిన సకినాలవి.

“మా చెరువు బియ్యమే, బిడ్డా! కడుపునిండ తినుండ్రి” అనెను.

“అవ్వా, చెరువు ఎన్నడును ఎండలేదా?” అని రైతు ప్రశ్నించెను.

“వాన లేని ఏడు ఏ చెరువైనా ఎండును. కాని కట్టకు మన్ను పోయువారు, తూము చూచు నీరటికాడు ఉండవలె. మనము చెరువును చూచిన, చెరువు మనలను చూచును.”

రైతు చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచెను. కొంతసేపటికి అతడు మిత్రునితో, “నీవు ఉదయము నుండి కట్టించినవారి పేర్లు చెప్పుచుంటివి. ఎనిమిది వందల యేండ్లు కాపాడినవారి పేర్లు ఏ శాసనమున ఉన్నవి?” అనెను.

ఉపాధ్యాయుడు తల వంచుకొనెను. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైనదని, కాకతీయ రాజ్యము అంతరించినదని అతడు ఏటేట పాఠము చెప్పుచుండెను. రాజ్యము పోయిన పిదప ఈ కట్టకు మన్ను మోసినవారిని గూర్చి అతడు ఏనాడును చెప్పియుండలేదు.

ప్రొద్దు వాలుచుండగా వారు తిరుగు ప్రయాణమైరి. అవ్వ ఇచ్చిన సకినాల మూటను రైతు ఒడిలో భద్రముగ పట్టుకొనెను. హనుమకొండ దీపములు కనబడు వరకు అతడు మాటాడలేదు.

“రేపు పత్రములు వ్రాయబోను. ముందు ఊరివారిని తూము కడకు పిలిచెదను. ఎందరు వత్తురో తెలియదు” అని తుదకు పలికెను.

“నేనును వత్తును. నా విద్యార్థులను కూడ తోడ్కొని వచ్చెదను” అనెను ఉపాధ్యాయుడు.