నక్షత్రం కట్టని క్రిస్మస్

ఆ ఏడాది మా ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. పాడేరు కొండల్లో వలిసె పూలు రాలిపోయి, కాఫీ పళ్లు కోసే రోజులు. అమ్మకు టీబీ మందులు మొదలై మూడు నెలలు. దగ్గు తగ్గింది, చోడి అంబలి గిన్నెడు తాగుతోంది. "నయమైపోయింది కదా, ఇంకెందుకు మాత్రలు? ప్రభువు చూసుకుంటాడు" అంది.

మామూలు టీబీకి ఆరు నెలలు మందు వాడాలి. మధ్యలో మానితే మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా మొండికేయవచ్చు. ఇదంతా బడిలో నల్లబల్ల మీద రాసి చెప్పే మేము, అమ్మ ముందు నోరు విప్పలేకపోయాం. ఆమె విశ్వాసాన్ని తక్కువ చేసినట్టవుతుందని భయం.

24 రాత్రి పాటల బృందాన్ని వాకిట్లోనే పాడమన్నాం. అంటుకుంటుందని కాదు, ఆ భయం మందు పడ్డాక తగ్గిపోయింది. అమ్మకే నీరసం, పైగా మంచు. అయినా ఊళ్లో గుసగుసలు ఆగలేదు. దుప్పటి కప్పుకుని కిటికీలోంచి విన్నది.

పొరుగింటి పిన్ని కొండదేవతకు మొక్కే మనిషి. నాలుగు నాటుకోడి గుడ్లు పట్టుకుని నేరుగా లోపలికి వచ్చి మంచం మీదే కూర్చుంది. "మా ఆయన నెమ్మదించిందని మందు మానేశాడు. నువ్వు మానకు వదినా" అంది. ఆయన లేడని ఊరందరికీ తెలుసు.

తెల్లవారి గుడికి పోలేదు. లూకా సువార్త రెండో అధ్యాయం మేమే చదువుకున్నాం. ప్రార్థన అమ్మ చేసింది. ఆమేన్ అనగానే మాత్రల అట్ట ఎక్కడుందని అడిగింది.