పదో జిల్లాకు వచ్చినవాళ్లు

హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకడమంటే దసరా ముందురోజు ఊరి బస్సులో సీటు దొరకడమే. నేను వెళ్లేసరికి రీడింగ్ హాలు నిండిపోయింది. మెట్ల మీద, చెట్ల కింద, ప్రహరీ వారన, ఎక్కడ కాస్త నీడ ఉంటే అక్కడ ఒక పుస్తకం తెరిచి ఉంది. సొంతంగా కుర్చీ కొని తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ గురించి రాయాలని బయల్దేరాను. ఆ శాఖ ఉండేది ఢిల్లీలో. కానీ దాని పుట్టుపూర్వోత్తరాలు ఇంతమంది ఇంత శ్రద్ధగా చదివే చోటు చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ తప్ప నాకింకొకటి తట్టలేదు.

చెట్టు కింద ఒక కుర్రాడు స్పైరల్ బైండింగ్ నోట్సు తిరగేస్తున్నాడు. ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి మండలమట.

"పంచాయతీరాజ్ చాప్టరా తమ్ముడూ?"

"అవ్ సార్. గ్రూప్-2ల ఇందులకెల్లి బిట్లు తప్పకుండ వస్తయి."

అడగకుండానే అప్పజెప్పాడు. 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ, 1959లో నాగౌర్, అదే ఏడాది మన షాద్‌నగర్, 1986లో మండల పరిషత్తులు, 1993 ఏప్రిల్ 24 నుంచి 73వ సవరణ అమలు, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు, 2004 మే 27న ప్రత్యేక మంత్రిత్వశాఖ. ఎక్కడా తడబడలేదు.

నోట్సులో ఒక పంక్తి దగ్గర నేనాగిపోయాను. 'బీఆర్‌జీఎఫ్, 2006-07, 250 జిల్లాలు.' అతనికది ఒక్క మార్కు ప్రశ్న. నాకు మాత్రం ఆ శాఖ చేసిన పనులన్నిటిలోకీ ముఖ్యమైనది అదే అనిపిస్తుంది. వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి అని పేరు. డబ్బు ఢిల్లీ ఇస్తుంది, దేనికి ఖర్చు పెట్టాలో ఊరే చెప్పుకోవాలి. గ్రామసభలో మొదలైన ప్రణాళిక మండలం దాటి జిల్లా ప్రణాళికా కమిటీకి చేరాలి. ఆ కమిటీ సభ్యుల్లో అయిదింట నాలుగు వంతుల మంది ప్రజలు గెలిపించిన స్థానిక ప్రతినిధులే ఉండాలని రాజ్యాంగమే చెప్పింది. మన ఊరికి ఏం కావాలో మనల్నే అడిగిన పథకాలు ఎన్ని ఉన్నాయి?

ఆ జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి 13 జిల్లాలు. అనంతపురం, చిత్తూరు, కడప, విజయనగరం పోగా మిగిలిన తొమ్మిదీ తెలంగాణవి. అప్పటికి తెలంగాణలో ఉన్నవే పది. జాబితాలో లేని ఆ పదోది హైదరాబాద్. ఇప్పుడు ఈ చెట్టు కింద కూర్చున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్లాను. పాలమూరు, నల్లగొండ, మెదక్, వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్. ఆ తొమ్మిది జిల్లాల వాళ్లే పదో జిల్లాకు వచ్చి కూర్చున్నారు. నేనెన్ని లెక్కలు చదివినా ప్రాంతీయ అసమానత ఇంత స్పష్టంగా కనపడలేదు.

"ఆ పైసలతోని మీ ఊళ్ల ఏమన్న కట్టిండ్రా?" అనడిగాను.

"అంగన్‌వాడీ బిల్డింగ్ మీద ఆ పేరు రాసుంటది సార్. నేను చిన్నగున్నప్పుడు కట్టిండ్రు."

2015లో కేంద్రం ఆ నిధికి డబ్బు ఇవ్వడం ఆపేసింది. 2018 నుంచి నీతి ఆయోగ్ ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమం నడుస్తోంది. 112 జిల్లాల్లో ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఉన్నాయి. ఆరోగ్యం, చదువు లాంటి విషయాల్లో 49 సూచికలు పెట్టి జిల్లాలకు ర్యాంకులిస్తారు. కొలవడం మంచిదే, బాలింతల ఆరోగ్యం మెరుగైతే అంతకన్నా కావలసిందేముంది. కానీ ఆ బాధ్యతంతా కలెక్టరుది. సర్పంచుకు అందులో కుర్చీ లేదు. పాత పద్ధతిలో లోపాలెన్ని ఉన్నా ఊరిని అడిగే అలవాటు ఉండేది. అది పోయినందుకు నాకు బాధగా ఉంది.

తెలంగాణలో పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి 1తో ముగిస్తే ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి అన్న 243ఇ అధికరణాన్ని ఈ ఆవరణలో పిల్లలు కంఠస్థం చేస్తున్న రోజుల్లోనే వాళ్ల ఊళ్లల్లో సర్పంచులు లేరు.

మధ్యాహ్నం అశోక్‌నగర్ వైపు నడిచాను. కోచింగ్ బోర్డులు, హాస్టళ్లు, మెస్సులు, గుమ్మం గుమ్మానికీ జిరాక్సు. 2018లో జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులు 9,355 పడ్డప్పుడు పంచాయతీరాజ్ చట్టం పుస్తకం ఈ సందుల్లో ఎలా అమ్ముడుపోయిందో ఒక దుకాణదారు ఇప్పటికీ మురిపెంగా చెబుతాడు. నలుగురు పంచుకునే గదిలో ఒకమ్మాయి మంచం పక్కన గోడకు తన మండలం పటం అతికించుకుంది. ఎంపీడీవో అయి అక్కడికే వెళ్తానంది.

నారాయణగూడ మీదుగా తిరిగి వస్తూ మాడపాటి హనుమంతరావు గారి బాలికల పాఠశాల ముందు కాసేపు నిలబడ్డాను. 1928లో, నిజాం రాజ్యంలో చదువంతా ఉర్దూలో సాగుతున్న కాలంలో, తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పిన బడి. ఊరూరా గ్రంథాలయం పెట్టాలని ఆయన తరం కాలికి బలపం కట్టుకుని తిరిగింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం జిల్లాకో గ్రంథాలయ సంస్థను, హైదరాబాదుకో నగర సంస్థను ఏర్పాటు చేసింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వాటికే చెందాలి. ఆ సెస్సును వసూలు చేసేది పంచాయతీలు, మున్సిపాలిటీలే. అధికారమూ పుస్తకమూ ఊళ్లోనే ఉండాలన్న ఆలోచన మనకు 73వ సవరణతో వచ్చింది కాదు. వసూలైన సెస్సు పైసాతో సహా గ్రంథాలయానికి చేరాలని గట్టిగా అడగవలసిన బాధ్యత మనది.

సాయంత్రం ఆ తిర్యాణి కుర్రాడు జిరాక్సు దుకాణం దగ్గర మళ్లీ కనిపించాడు. పొద్దున చూసిన నోట్సుకే మూడు కాపీలు తీయిస్తున్నాడు.

"ఎవరికి?"

"ఊళ్ల ముగ్గురున్నరు సార్. ఈడికి వచ్చి హాస్టల్ ఫీజు కట్టేటంత లేదు. ఆసిఫాబాద్ దాక కార్గోల ఏస్త. ఆడికెల్లి మా తమ్ముడు తీస్కపోతడు."

కట్ట మీద స్కెచ్ పెన్నుతో ఊరి పేరు పెద్దక్షరాలతో రాసి, ఆరిందో లేదో వేలితో తాకి చూసుకున్నాడు.