కారెంపూడి తిరునాళ్ళ, పిన్ని మూకుడు

మా అత్తయ్య కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటినుంచి తెచ్చుకున్న బీడు మూకుడు ఒకటి మా ఇంట్లో ఉండేది. రెండు చేతులా ఎత్తితేగానీ కదిలేది కాదు. గ్యాస్ పొయ్యిమీద సరిగ్గా కూర్చోవడం లేదనీ, తోమి తోమి చేతులు పడిపోతున్నాయనీ ఎనిమిదేళ్ళ క్రితం నేను దాన్ని పాత సామాన్లవాడికి వేసేసి, రెండు కేజీల ఉల్లిపాయలు తీసుకున్నాను. అత్తయ్య చూశారు. ఒక్క మాట అనలేదు. ఆ పూట నేను పెట్టిన ఉల్లిపాయ పులుసు మాత్రం వడ్డించుకోలేదు.

ఆ సంగతి ఇప్పుడెందుకంటారా? కిందటి దసరాకి ఇంటర్ చదివే మా అమ్మాయి మేడమెట్లు ఎక్కితే చాలు ఆయాసపడటం మొదలుపెట్టింది. గోళ్ళు చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఇక్కడే నరసరావుపేటలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2 అన్నారు. డాక్టరమ్మ మాత్రలు రాసి, తిండి సంగతులన్నీ అడిగి, "ఇంట్లో ఇనప మూకుడు ఉందా అమ్మా?" అంది. నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య గోడకున్న క్యాలెండరు వైపు చూశారు.

మా ఇంటి గొడవే అనుకున్నాను గానీ, 2019-21 మధ్య ప్రభుత్వం చేయించిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తంమీద నూటికి 57 మందికి రక్తహీనత ఉందట. మన ఆంధ్రాలో అయితే ఇంచుమించు 59 మంది! అందరికీ వండిపెట్టి ఆఖరున గిన్నె గీరుకుని తినే మనకి కాకపోతే ఎవరికి వస్తుంది చెప్పండి.

అదే సమయానికి మాచర్ల దగ్గర పల్లెలో ఉన్న మా పిన్ని ఫోను చేసింది. "కార్తీక అమావాస్యకి కారెంపూడి తిరునాళ్ళ. పిల్లని తీసుకుని రా అమ్మాయ్, మూకుడు యాడ దొరకదో నేనూ చూస్తా" అంది. మావారికి సెలవు లేదు. అత్తయ్యా, నేనూ, అమ్మాయీ బయల్దేరాం.

నరసరావుపేట దాటి పైకి వెళ్తున్నకొద్దీ నేల తీరు మారిపోతుంది. ఆ నెలలో దారికి రెండువైపులా పత్తి పగిలి తెల్లగా ఉంటుంది, మధ్యమధ్య మిరప చేలు. ఇళ్ళ ప్రహరీలు కూడా నిలబెట్టిన నాపరాళ్ళే. ఒకప్పుడు ఇది జొన్నల సీమ. శ్రీనాథుడు ఇటు వచ్చి, సన్నబియ్యం దొరక్క జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చాటు పద్యాలు చెప్పుకుంటారు. 1967లో సాగర్ నీళ్ళు కుడికాలువలోకి వదిలాక వరి వచ్చింది. మా అమ్మమ్మ మాత్రం పోయేదాకా జొన్నన్నమే గట్టి తిండి అనేది. శ్రీనాథుడికి మంచి వంటమనిషి దొరకలేదని నా అనుమానం!

కారెంపూడి నాగులేటి ఒడ్డున ఉంది. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిన చోటు. వీరుల గుడిలో అయిదు రోజులు ఉత్సవాలు చేస్తారు – రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఊరూరినుంచీ ఆచారవంతులు తమ ఇంటి వీరుల ఆయుధాలు భుజాన పెట్టుకుని వస్తారు. వాటిని వాళ్ళు తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, పసిపిల్లల్లా చూసుకోవడం చూశాను. ఎన్ని తరాల ఇనుమో! తుప్పు మచ్చ కనిపిస్తే ఒట్టు. ఉల్లిపాయలకి మూకుడు మార్చుకున్న నాకు మాత్రం తల ఎత్తాలనిపించలేదు.

మందపోరు రోజున చాపకూడు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాపమీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు భోజనం పెట్టించాడని కదా కథ. దాన్ని తలుచుకుంటూ ఇప్పటికీ పంక్తి వేస్తారు. పక్కన కూర్చున్నది ఎవరో మనకి తెలియదు, వాళ్ళకి మనం తెలియదు. మా అమ్మాయి చాన్నాళ్ళకి రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది. నాకు ఆ అయిదు రోజుల్లో అన్నిటికన్నా గుర్తుండేది అదే.

తిరునాళ్ళ కొట్లలో గాజులు, జీళ్ళు, ప్లాస్టిక్ బొమ్మలు దాటాక ఒక మూల ఇనప సామాన్ల కొట్టు ఉంది. అక్కడ పిన్ని నాకు చెప్పిన పాఠం మీకూ పనికొస్తుంది. రేకు మూకుడు సాగగొట్టి చేస్తారు, పలచగా ఉంటుంది, చెవులు మేకులతో బిగిస్తారు. బీడు మూకుడు ఇనుము కరిగించి పోత పోసింది. చెవులు దానితోపాటే వస్తాయి, ఒళ్ళు కాస్త గరుగ్గా ఉంటుంది. వేళ్ళతో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగులున్నట్టు. పిన్ని పది మూకుళ్ళు కొట్టి ఒకటి తీసింది. కొట్టతను తల పట్టుకున్నాడు.

మర్నాడు ఎత్తిపోతల చూపించి, పిన్నివాళ్ళ చేలో వంట పెట్టుకున్నాం. జలపాతం దగ్గర నీటి తుంపర మొహాన పడుతుంటే పిల్ల కదలనంది, లాక్కొచ్చాం. చేలో ఉసిరి చెట్టు ఉంది కనుక వనభోజనమూ అయిపోతుందని అత్తయ్య సంబరం.

కొత్త మూకుడు వెంటనే పనికిరాదు కాబట్టి వంట పిన్ని పాత మూకుట్లోనే. ముందు పులగం. బియ్యం రెండు గ్లాసులు, పెసరపప్పు ఒక గ్లాసు. కాస్త నెయ్యిలో జీలకర్ర, మిరియాలు, కరివేపాకు వేయించి, కడిగిన బియ్యం పప్పు వేసి, ఏడు గ్లాసుల నీళ్ళు, ఉప్పు పోసి మూత పెట్టింది. పత్తి కట్టె మంట చురుగ్గా లేచి చప్పున ఆరిపోతుంది. అందుకని నీళ్ళు ఇగిరేదాకా దానితో వండి, తర్వాత తుమ్మ బొగ్గులమీద వదిలేసింది. బీడు మూకుడు వేడిని పట్టుకుని కూర్చుంటుంది కదా, మంట తీసేసినా మెల్లగా మగ్గుతుంది.

తర్వాత దిబ్బరొట్టె. ఒక గ్లాసు మినపగుళ్ళు అయిదు గంటలు నానబోసి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపురవ్వ కడిగి పిండి అందులో కలపాలి. ఉప్పు, జీలకర్ర. మూకుట్లో నాలుగు గరిటెల నూనె కాగాక పిండి రెండంగుళాల మందాన పరిచి మూత పెట్టాలి. ఇక్కడే ఉంది కిటుకు. మూతమీద కూడా నిప్పులు పోయాలి. కిందా పైనా సెగ తగిలి, తిప్పే పనిలేకుండా ఇరవై నిమిషాల్లో రెండువైపులా ఎర్రగా కాలుతుంది. గ్యాసు మీదయితే సన్నటి సెగన పది పన్నెండు నిమిషాలు ఉంచి తిరగెయ్యండి.

రొట్టె తీశాక ఆ వేడి మూకుట్లోనే పళ్ళ తీపి చేసింది. ముగ్గిన చక్కెరకేళీలు ఆరు, నిలువునా చీల్చి, మూడు చెంచాల నెయ్యిలో కోసిన వైపు కిందకి పెట్టి రెండు మూడు నిమిషాలు వేయించాలి. తిప్పి, చిన్న కప్పు బెల్లం తురుము, రెండు చెంచాల నీళ్ళు చల్లి, మూత పెట్టి, మూతమీద నిప్పులు. అయిదు నిమిషాలకి బెల్లం పాకమై పండుకి పట్టుకుంటుంది. పైన యాలకుల పొడి, కొబ్బరికోరు. దిబ్బరొట్టె ముక్క దానిలో అద్దుకుని తిని చూడండి, ఇంకేమీ అడగరు.

జామపళ్ళతోనూ చేసింది. గింజలు తీసి, ముక్కలు బెల్లంతో పావుగంట ఉడికించింది. రంగు నల్లబడింది. నేను మొహం చిట్లిస్తే, "నల్లబడితే ఏందమ్మాయ్, ఆ నలుపే గదా పిల్లకి కావాల్సింది" అంది. సీతాఫలాలు కూడా ఉన్నాయి గానీ వాటిని పొయ్యి ఎక్కించకూడదు, చేదు తిరుగుతాయి. గుజ్జు తీసి చల్లారిన పాలలో కలుపుకున్నాం.

పిన్ని చదువుకోలేదు గానీ ఆమె మాటలో అబద్ధం లేదు. 1986లో అమెరికాలో కొందరు ఇనప పాత్రల్లో వండి పరీక్షిస్తే, 100 గ్రాముల ఆపిల్ గుజ్జులో 0.35 మిల్లీగ్రాములున్న ఇనుము, ఉడికాక 7 దాటిందట. పులుపున్న పండు, టమేటా ఇనుమును ఎక్కువగా దింపుతాయి. 1999లో ఇథియోపియాలో ఇనప కుండల్లో వండిపెట్టిన పిల్లలకి అల్యూమినియం గిన్నెల్లో తిన్నవాళ్ళకన్నా రక్తం మెరుగుపడిందని తేలింది. అలాగని డాక్టరు ఇచ్చిన మాత్రలు మానెయ్యకండి. రక్తానికి సంబంధించిన వేరే జబ్బులున్నవాళ్ళు ముందు డాక్టరునడగాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, నిమ్మరసమో ఉసిరికాయ పచ్చడో తింటే పడుతుంది.

కొత్త మూకుడిని మచ్చిక చేసుకోవాలి. మూడు రోజులు బియ్యం కడుగునీళ్ళు పోసి రోజూ మార్చాను. కొబ్బరిపీచుతో తోమి, ఒకసారి గంజి కాచి పారబోసి, తుడిచి, నూనె రాసి సెగ మీద పొగ వచ్చేదాకా ఉంచాను. అలా నాలుగైదుసార్లు. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. వండింది అందులోనే ఉంచకూడదు, పులుపయితే అసలే వద్దు, దించగానే స్టీలు గిన్నెలోకి తీసెయ్యాలి. కడగ్గానే తుడిచి, పొయ్యిమీద తడి ఆర్చి, చుక్క నూనె రాయాలి. ఈ పని నాకు ఇప్పటికీ విసుగే, దాచుకోవడం ఎందుకు.

సంక్రాంతికి మళ్ళీ పరీక్ష చేయిస్తే అమ్మాయికి 10.6 వచ్చింది. మాత్రల వల్లే అంటారు మావారు. మాత్రలు మింగే ఓపిక ఎక్కడినుంచి వచ్చింది మరి, అంటాను నేను.

అన్నట్టు అత్తయ్య సంగతి చెప్పలేదు కదూ. కొత్త మూకుట్లో నేను వేసిన మొదటి దిబ్బరొట్టె సగం అడుగంటుకుపోయింది. రెండోది చెక్కలుగా ఊడింది. మూడోది అత్తయ్యే వచ్చి, నన్ను పక్కకు జరగమని, నూనె తిప్పి పోసి, మూత పెట్టి పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. చంద్రుడిలా గుండ్రంగా లేచి వచ్చింది. అమ్మాయి చేత అడుగున మాడు గీకించి తినిపించి, మూకుడు తుడుస్తూ నాతో అన్నారు, "రాత్రికి ఉల్లిపాయ పులుసు పెట్టమ్మా. ఇందులో కాదులే, మట్టి దాకలో."