చౌక దుర్భిణి, మూతితుపాకి

మూతి నుంచి మందు కూరే తుపాకికి తక్కువ ధర దుర్భిణి బిగిస్తే గురి బాగుపడుతుందా అన్నది చూడడానికి చిన్న ప్రశ్నే. కానీ ఆ తుపాకి ఏ పనికి ఉన్నదో తేలకుండా దానికి జవాబు లేదు. మన దేశంలో దాని పని ఏమిటో 1959 ఆయుధాల చట్టమే చెప్పింది: నిజంగా పంట కాపుదలకే అయితే మూతితుపాకికి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ అంటుంది. శ్రీముఖలింగానికి పడమట సీతంపేట కొండల్లో, సవరలూ జాతాపులూ పోడు చేసుకునే వాలుల్లో, ఆ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. రాత్రి మంచె మీద ఉన్నవాడికి కావలసింది పందిని బెదరగొట్టే చప్పుడు. అనుమతి లేకుండా పందిని కాలిస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండనే ఉంది. చప్పుడుకు దుర్భిణి దేనికి?

చప్పుడు కోసం కాదు, చాందమారీలో పోటీ కోసం అనేవాళ్లుంటారు. అప్పుడు చూడవలసింది అద్దం కాదు, గొట్టం. నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గుండు అందులో వదులుగా దొర్లుతూ, ఆఖరున ఏ గోడను తాకితే దానికి ఎదురుదిక్కుగా పోతుంది. యాభై మీటర్లలో జానెడు చెదిరే తుపాకి మీద, మర తిప్పిన ఒక్కో మెట్టుకు గురిని మూడున్నర మిల్లీమీటర్లు జరిపే దుర్భిణి పెట్టడం ధాన్యం బస్తాను కంసాలి త్రాసులో తూచడమే. లోపల మెలితిరిగిన గాళ్లు కోసిన గొట్టమైతే కథ వేరు. 1857లో ఇంగ్లండులో పోటీకి పెట్టినప్పుడు, ఆరుపలకల గొట్టమున్న విట్‌వర్త్ మూతితుపాకి ఎన్‌ఫీల్డును గురిలో చిత్తుగా ఓడించింది. తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో దానికి దుర్భిణులు కూడా బిగించారు. గొట్టం ముందు, అద్దం తర్వాత.

అయితే వయసు మీరిన కంటి సంగతేమిటి? ఈ అభ్యంతరాన్ని తోసెయ్యలేం. వెనక గాడి, ముందు మొన, దూరపు గుర్తు, మూడింటినీ ఒకేసారి తేటగా చూడడం నలభై దాటిన కంటికి కష్టం. దుర్భిణిలో గీతలూ గుర్తూ ఒకే తలంలో కనబడతాయి. ఆ మేలు చౌకదానిలోనూ ఉంది, పెద్దగా చూపించడం కంటే అదే అసలు లాభం. కానీ దుకాణంలో కంటికి ఆనించి చూస్తే తెలిసేది ఈ మేలు ఒక్కటే. చౌకదనం బయటపడేది తన్నులో. నల్ల తుపాకిమందు తన్ను బరువుగా నెడుతుంది. దుర్భిణి లోపలి స్ప్రింగు బలహీనమైతే గీతలు చోటు మారతాయి, కంటికీ అద్దానికీ ఎడం చాలకపోతే కనుబొమ చిట్లుతుంది. కాబట్టి పరీక్ష ఇలా ఉండాలి: ముందు దుర్భిణి లేకుండా, ఒకే కొలత మందుతో, ప్రతి గుండుకూ గొట్టం ఒకే తీరున తుడిచి, ఆనుడు మీద అయిదు గుళ్లు. మసి పేరుకుంటే గుండు దారి మారుతుంది. ఆ నేరం అద్దం మీద పడకూడదు. తర్వాత దుర్భిణితో మళ్లీ అయిదు. ఆపైన దుర్భిణి మరను ఇరవై మెట్లు కుడికి, ఇరవై పైకి, అలాగే వెనక్కి తిప్పి, గుళ్లు మొదటి చోటికే వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే ధర ఎంత తక్కువైనా అది ఖరీదైనదే. వస్తే మాత్రం, పేరు లేని కంపెనీదని దాన్ని పక్కన పెట్టడానికి కారణం లేదు.